ఎగుమతి పట్టుకుపోయేదేది, విశాఖకు మిగిలేదేది: మంచి చేప కొనడం వెనుక లెక్కలు

"మంచి సరుకంతా కంటైనర్లకు ఎక్కిపోతుంది, ఊరికి మిగిలేది ఏరి పక్కన పడేసిందే." విశాఖలో పూర్ణా మార్కెట్ నుంచి గాజువాక దాకా చేపలు కొనే ప్రతి ఇంట్లో వినిపించే మాట ఇది. ఇందులో సగమే నిజం. ఏ సగం నిజమో తెలుసుకుంటే, అదే డబ్బుతో అదే ఊళ్లో ఇప్పటికన్నా మంచి చేప ఇంటికొస్తుంది.

ముందు అంకెలు. 2023-24లో మన దేశం నుంచి విదేశాలకు వెళ్లిన సముద్ర ఉత్పత్తులు 17,81,602 టన్నులు, విలువ సుమారు 60,523 కోట్ల రూపాయలు. ఆ ఏడాది దేశంలో చేపలు, రొయ్యలు అన్నీ కలిపి వచ్చిన ఉత్పత్తి దాదాపు 184 లక్షల టన్నులు. బరువు ప్రకారం చూస్తే బయటికి పోయింది పదో వంతు. ఎగుమతి తూకం తలలు, పొట్టు తీసేశాక వేసేది కాబట్టి అసలు వాటా ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. ఎలా లెక్కేసినా చేపల్లో ఎక్కువ భాగం దేశంలోనే ఉండిపోతోంది.

అయితే ఆ పదో వంతు అన్ని రకాల నుంచీ సమానంగా పోదు. గడ్డకట్టించిన రొయ్య ఒక్కటే 7,16,004 టన్నులు. బరువులో నలభై శాతం, డబ్బులో మూడింట రెండొంతులు దానిదే. అందులో దాదాపు 3 లక్షల టన్నులు అమెరికాకే వెళ్లింది. చెరువుల్లో పండే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. భీమవరం, కాకినాడ వైపు పట్టుబడి పట్టిన సరుకులో చాలా భాగం విశాఖ పోర్టు మీదుగానే ఓడ ఎక్కుతుంది. అందుకే రొయ్యల విషయంలో జనం ఫిర్యాదు నిజం. కటిల్‌ఫిష్, స్క్విడ్ యూరప్‌కు, సావళ్లు చైనా వైపు, కండ పట్టిన మండపీతలు ప్రాణంతోనే విమానాల్లో తూర్పు దేశాలకు వెళ్తాయి.

కవళ్లు, నెత్తళ్లు, గులివిందలు, గొరకలు, కారలు, పారలు, మాగ, పండుగప్ప వంటివి చాలావరకు ఇక్కడే అమ్ముడవుతాయి. వంజరం, తెల్ల చందువ ధర మండిపోవడానికి విదేశాల కన్నా మన నగరాలే పెద్ద కారణం. విశాఖ ఫిషింగ్ హార్బర్ బయట నిలబడే లారీలు చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్, కేరళ దారి పడతాయి. కోనెం అని ఇక్కడ పిలిచే వంజరానికి ఆ ఊళ్లలో పెట్టే ధరే విశాఖ వేలంపాటలో ధరను నిర్ణయిస్తుంది. పట్టుబట్టి ఆ రెండు చేపలే కొంటే ఎక్కువ డబ్బు పెట్టి పాత సరుకు తెచ్చుకునే ప్రమాదం ఎక్కువ. అదే రోజు పక్క గంపలో కళ్లు మెరుస్తున్న పారలో, మాగో సగం ధరకు ఉండొచ్చు.

ఎగుమతి సరుకుతో పాటు వెళ్లిపోయేది ఇంకొకటి ఉంది. అది ఐస్, దానితో పాటు పరీక్ష. చెరువులో పట్టిన రొయ్యను కంపెనీకి ఇవ్వాలంటే పట్టిన వెంటనే ఐస్‌నీళ్లలో ముంచి చంపుతారు. వరుసగా ఒక పొర రొయ్య, ఒక పొర ఐస్ వేసి కొద్ది గంటల్లో ప్లాంటుకు చేరుస్తారు. అక్కడ మైనస్ 40 డిగ్రీల దగ్గర గడ్డకట్టిస్తారు. పట్టుబడికి ముందే నిషేధిత యాంటీబయాటిక్స్ పరీక్ష జరుగుతుంది. యూరప్ అయితే 2016లో మన రొయ్యల సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను తన గుమ్మం దగ్గర మళ్లీ పరీక్షించాలని నిర్ణయించింది. అదే చెరువు నుంచి ఊరి మార్కెట్‌కు వచ్చే భాగం ట్రేలో ఆటో ఎక్కుతుంది, పైన గుప్పెడు ఐస్‌తో. చెరువు ఒకటే, రొయ్య ఒకటే. తేడా అంతా పట్టిన తర్వాతి ఆరు గంటల్లో వస్తుంది. విశాఖలో కొనేవాళ్లు వెతకాల్సింది ఆ ఆరు గంటలు సరిగ్గా గడిచిన సరుకును.

పడవ సముద్రంలో ఎన్నాళ్లుంది?

విశాఖకు చేపలు తెచ్చే పడవలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది సోనా బోట్లు అని పిలిచే మరబోట్లు. ఇవి ఐస్ నింపుకుని వెళ్లి పది, పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటాయి. మొదటి రోజు పడ్డ చేప అడుగున, చివరి రోజు పడ్డది పైన ఉంటుంది. జెట్టీ మీద ఒకే కుప్పగా కనిపించే సరుకులో రెండు రోజుల చేప, పన్నెండు రోజుల చేప పక్కపక్కనే ఉండొచ్చు. "ఇప్పుడే దిగింది" అని అమ్మకందారు చెప్పేది అబద్ధం కాదు. బోటు దిగడం ఇప్పుడే, చేప చచ్చి మాత్రం ఎన్నాళ్లయిందో కుప్పను చూసి చెప్పలేం.

రెండో రకం ఫైబర్ తెప్పలు. పెద జాలారిపేట, లాసన్స్ బే, మంగమారిపేట, భీమిలి, ఇటు ముత్యాలమ్మపాలెం, పూడిమడక తీరాల నుంచి చీకటితో వెళ్లి చాలావరకు ఆ రోజే తిరిగొస్తాయి. గాలపు తాడుకో, నిలువు వలకో పడ్డ చేప వీటిలో ఉంటుంది. మరబోటు ఈడ్చుకెళ్లే ట్రాలు వలలో గంటలకొద్దీ నలిగిన చేప కన్నా ఇది చెక్కుచెదరకుండా వస్తుంది, పొట్ట పగలదు, పొలుసు రాలదు. తీరం నుంచి లాగే అలివి వలలో అయితే కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు ఇసుక మీద ఎగురుతుండగానే కొనుక్కోవచ్చు.

తెప్ప చేపకూ ఒక లోపం ఉంది. చాలా తెప్పల్లో ఐస్ ఉండదు. ఉదయం ఏడుకు ఒడ్డుకొస్తే దానికి సాటి లేదు. పదకొండుకు వచ్చి, ఎండలో గోనెపట్టా కింద మధ్యాహ్నం దాకా ఉంటే మాత్రం అది బాగా ఐసు పెట్టిన అయిదు రోజుల బోటు చేప కన్నా అధ్వాన్నం. చేప పాడయ్యే వేగం వేడితో ఎలా పెరుగుతుందో చేపల శాస్త్రంలో ఒక సూత్రం ఉంది: సున్నా డిగ్రీల దగ్గర ఒక రోజులో జరిగే చెడు, 5 డిగ్రీల దగ్గర సగం రోజులోపే, 10 డిగ్రీల దగ్గర పావు రోజులోనే జరిగిపోతుంది. విశాఖలో మే నెల మధ్యాహ్నపు 35 డిగ్రీల దగ్గర చేప చెడడానికి రెండు మూడు గంటలు చాలు. కొవ్వు తక్కువున్న చేప సున్నా డిగ్రీల ఐస్‌లో పది రోజులకు పైగా తినదగినట్టే ఉంటుంది. కవళ్లు, కానాగంతల లాంటి నూనె చేపలు వారం దాటితే కష్టం, రొయ్య కూడా అంతే.

అందుకే "తాజాదేనా?" అని అడగడం వల్ల ఉపయోగం లేదు, దానికి ఒకటే జవాబు వస్తుంది. బోటుదా తెప్పదా, ఒడ్డుకు ఎన్నింటికి వచ్చింది, ఐస్ ఎప్పుడు పెట్టారు అని అడగాలి. రోజూ అమ్మే మత్స్యకార మహిళలకు వీటికి జవాబు కచ్చితంగా తెలుసు. వారం వారం ఒకరి దగ్గరే కొనేవాళ్లకు ఆ జవాబు నిజాయతీగా దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి వెళ్లి గీచి గీచి బేరమాడేవాళ్లకు దొరకదు. ఒకరిని నమ్మి ఏడాది పొడుగునా కొనడం తాజాదనానికి ఉన్న పరీక్షలన్నిటి కన్నా గట్టిది.

హార్బర్‌లో వేలం కుప్పల లెక్కన, ట్రేల లెక్కన జరుగుతుంది. రొయ్య, స్క్విడ్ లాంటివి బోటులోనే సైజుల వారీగా వేరు చేసి ఉంటాయి, వాటిని కంపెనీల తరఫు కొనుగోలుదార్లు ముందే తీసుకుంటారు. మిగతా చేపల కుప్పలు చిల్లర అమ్మకం చేసేవాళ్లు పాడతారు. ఒక ఇంటికి కుప్ప ఎక్కువే, నాలుగిళ్లవాళ్లు కలిసి పాడితే చిల్లర ధర కన్నా బాగా తగ్గుతుంది, పైగా సరుకును మొదటి చేతిలోనే చూడొచ్చు. పొద్దెక్కే కొద్దీ ధర తగ్గుతుంది నిజమే. కానీ అప్పటికి ఐసూ కరిగిపోయి ఉంటుంది. ఎనిమిది దాటాక తగ్గిన ధరను లాభం అనుకోకూడదు.

చేతిలోకి తీసుకున్నాక

కన్ను ఉబ్బి నల్లగా మెరవాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే కండ తిరిగి పైకి రావాలి. ఇది అందరికీ తెలిసిందే. తక్కువమంది చూసేది ఈ గుర్తులు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నది. ఐస్ నేరుగా తగిలితే మంచి చేప కన్ను కూడా తెల్లబడుతుంది. అలాంటప్పుడు మొప్ప ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. సముద్రపు నాచు వాసన అయితే బాగుంది, పులుపో ఘాటో తగిలితే వదిలేయాలి. కంటి కన్నా మొప్ప, మొప్ప రంగు కన్నా దాని వాసన నమ్మదగినవి. పొట్ట పగిలి పేగు బయటికొచ్చిందంటే లోపలి రసాలు కండను తినడం మొదలైనట్టే. కవళ్లకు, నెత్తళ్లకు ముందు పాడయ్యేది అక్కడే.

చందువకు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చేసే పరీక్ష ఒకటుంది. మొప్ప దగ్గర గట్టిగా నొక్కితే తెల్లటి పాలలాంటి ద్రవం రావాలి, ఎర్రగా మురికిగా వస్తే పాతది. స్క్విడ్ తోలు తెల్లగా ఉండి ముదురు చుక్కలు విడివిడిగా కనబడాలి. ఆ రంగు కారి కండంతా గులాబీ రంగుకు తిరిగితే ఐస్‌నీళ్లలో ఎక్కువ రోజులు నానినట్టు.

ముక్కలుగా కోసి పెట్టిన చేపలో మోసం ఎక్కువ. వంజరం ముక్కలని పెట్టినవాటిలో వేరే పెద్ద చేపలు కలుస్తుంటాయి. తోలుతో సహా ఉన్న చేపను ఎంచుకుని ఎదురుగా కోయించుకుంటే ఆ అనుమానం ఉండదు. ముక్క కొనక తప్పకపోతే వెన్నుముల్లు చుట్టూ చూడాలి. అక్కడి నెత్తురు ఎర్రగా ఉంటే మంచిది, గోధుమరంగుకు తిరిగి కండ ముల్లు నుంచి విడిపోతుంటే వద్దు. హోటళ్లలో ముల్లులేని వేపుడుకు చాలాచోట్ల వాడేది చెరువుల్లో పెంచిన పంగాస్ లేదా బాసా. అది చెడ్డది కాదు, కానీ సముద్రపు చేప ధర ఇవ్వాల్సిన అవసరం లేదు. పులస సంగతీ ఇంతే. వరద గోదావరికి ఎదురీదిన చేపే పులస. విశాఖ మార్కెట్లో ఆ పేరుతో దొరికేదాంట్లో సముద్రపు ఇలస, ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చేది చాలా ఉంటుంది.

కానాగంతలు, సూర అని పిలిచే ట్యూనా, కొంతవరకు కవళ్లు, వంజరం విషయంలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. ఈ చేపల కండ వేడికి ఉండిపోతే బాక్టీరియా వల్ల హిస్టమిన్ తయారవుతుంది. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ వస్తాయి. చేప ఎలర్జీ అనుకుని చాలామంది పొరపడతారు. ఒకసారి ఏర్పడ్డ హిస్టమిన్ ఎంత ఉడికించినా పోదు, ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. వాసన పెద్దగా మారకముందే ఏర్పడగలదు కూడా.  విశాఖ తీరానికి వచ్చే ట్యూనాలో బాగా ఐసు పెట్టింది ఎగుమతికీ కేరళకూ వెళ్తుంది, ఎండలో నిలిచింది ఊళ్లో తిరుగుతుంది. ఈ చేపలకు ఐస్ లేకపోతే ఎంత చవకైనా వద్దు అనుకోవడమే సరైన పద్ధతి.

చేప చెడకుండా కొట్టే ఫార్మాలిన్ అనే మందు భయం విశాఖలోనూ ఉంది. ఈగలు వాలకపోతే మందు కొట్టినట్టే అనే నమ్మకం మీద ఆధారపడలేం, ఐస్‌లో ఉన్న చల్లటి చేప మీదా ఈగలు తక్కువే వాలతాయి. అనుమానించాల్సింది గుర్తులు పొంతన లేకుండా ఉన్నప్పుడు: కన్ను లోపలికి పోయి, తోలు రంగు వెలిసిపోయి పాతదని తెలుస్తున్నా కండ మాత్రం రబ్బరులా గట్టిగా ఉండి, చేప వాసనే లేకపోతే వదిలేయాలి. దీన్ని తేల్చే కాగితపు పట్టీ కిట్‌ను కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం విశాఖలోనూ ఉంది. దూర ప్రాంతాల నుంచి వచ్చే సరుకు మీదే ఈ అనుమానం పెట్టుకోవాలి. జెట్టీ మీద అప్పుడే దిగిన చేపకు మందు కొట్టే అవసరం తక్కువ.

రొయ్య: తూకంలో ఏం పోతుంది

విశాఖలో ఇప్పుడు దొరికే రొయ్య చాలావరకు వనామి అనే చెరువు రకం. 2009లో మన దేశంలో దీని పెంపకానికి అనుమతి వచ్చాక, అంతకు ముందు రాజ్యమేలిన టైగర్ రొయ్య వెనక్కి వెళ్లింది. దీన్ని కౌంటులో అమ్ముతారు. 100 కౌంటు అంటే కిలోకు వంద, ఒక్కోటి 10 గ్రాములు. 30 కౌంటు అంటే ఒక్కోటి 33 గ్రాములు. కౌంటు అంకె తగ్గే కొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. దుకాణంలో చెప్పిన కౌంటు నమ్మకుండా అరకిలో తూయించి లెక్కపెడితే అర నిమిషం పని. ఇరవై వస్తే 40 కౌంటు, ముప్ఫై వస్తే 60.

ఎగుమతి కంపెనీ వెనక్కి పంపేది ఎందుకో తెలిస్తే ఊళ్లో కొనేటప్పుడు భయం తగ్గుతుంది. మొదటిది మెత్త పెంకు. కుబుసం విడిచిన రొయ్యను పట్టేస్తే పెంకు కాగితంలా ఉంటుంది, ప్యాకింగ్‌లో నలిగిపోతుంది కాబట్టి కంపెనీకి పనికిరాదు. తినడానికి హాని లేదు, కండ కొంచెం వదులుగా ఉంటుంది, ఉడికితే ఎక్కువ కుంచించుకుపోతుంది. ఆ మేరకు ధర తగ్గాలి, అంతే. రెండోది నల్లమచ్చ. రొయ్య చచ్చాక దాని ఒంట్లోని ఎంజైము గాలి తగిలి తల దగ్గర నలుపు తెస్తుంది. వాసన బాగుండి, తల ఒంటికి గట్టిగా అతుక్కుని ఉంటే కూరకు నిస్సందేహంగా పనికొస్తుంది. ఈ నలుపు రాకుండా సోడియం మెటాబైసల్ఫైట్ నీళ్లలో ముంచుతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడకపోవచ్చు, కాబట్టి మచ్చే లేకుండా తళతళలాడే పాత రొయ్య కన్నా కాస్త మచ్చ ఉన్న కొత్త రొయ్య వాళ్లకు మేలు. మూడోది తెల్లమచ్చ వైరస్ వచ్చిన చెరువు నుంచి హడావుడిగా పట్టింది. 80, 100 కౌంటు సరుకు ఒక్కసారిగా చవగ్గా ఊళ్లోకి దిగితే చాలాసార్లు కారణం ఇదే. ఆ వైరస్ మనుషులకు సోకదు, ప్రాణంతో పట్టి ఐస్‌లో పెట్టి ఉంటే కూరలో తేడా తెలియదు.

కొనకూడనిది వేరే ఉంది. తల వేలాడుతూ ఊడిపోతున్నది, పెంకు జిగటగా ఉన్నది, అమ్మోనియా ఘాటు కొట్టేది. ఇవి మూడూ ఐస్ లేక చెడిన గుర్తులు. ఎంత కడిగినా, ఎంత మసాలా పట్టించినా బాగుపడవు.

యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయో లేవో మాత్రం కంటికి, ముక్కుకు తెలియదు. ఎగుమతి సరుకుకు జరిగే పరీక్ష ఊరి మార్కెట్‌కు వచ్చే రొయ్యకు జరగదు. ఈ ఒక్క విషయంలో ఊరి వినియోగదారుడికి నిజంగా అన్యాయమే జరుగుతోంది, దీనికి ఇంట్లో చేసుకోగల చిట్కా ఏదీ లేదు. ఉన్న దారులు రెండే. సముద్రంలో పట్టిన రొయ్య కొనడం ఒకటి, ఇందులో చెరువు మందుల బెడద లేదు. ఎగుమతి అనుమతి ఉన్న ప్లాంటులో తయారై దేశంలో అమ్మే గడ్డకట్టిన ప్యాకెట్ కొనడం రెండోది. "ఫ్రోజెన్ అంటే పాతది" అన్న అభిప్రాయం విశాఖలో బలంగా ఉంది. రొయ్య విషయంలో అది తప్పు. పట్టిన రోజే విడివిడిగా గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచిన రొయ్య, రెండు రోజులు ట్రేలో తిరిగిన పచ్చి రొయ్య కన్నా అన్ని విధాలా మెరుగు.

ఆ ప్యాకెట్‌లో చూడాల్సింది బరువు. రొయ్య ఆరిపోకుండా మీద పల్చటి ఐస్ పొర పూస్తారు, దీన్ని గ్లేజ్ అంటారు. పది శాతం మామూలు, ఇరవై శాతం, ఆ పైన కూడా ఉంటాయి. గ్లేజ్ తీసేసిన నికర బరువు ఎంతో ప్యాకెట్ మీద ఉండాలి. అనుమానముంటే చల్లటి నీళ్ల కింద పట్టి పై పొర కరిగేదాకా మాత్రమే కడిగి, రొయ్య ఇంకా గట్టిగా ఉండగానే తుడిచి తూయాలి. సంచిలో రొయ్యలన్నీ ఒకే ముద్దగా అతుక్కుని, లోపల మంచుపొడి పేరుకుని ఉంటే దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు. దుకాణం ఫ్రీజర్‌ను రాత్రిపూట ఆపేస్తే జరిగేది ఇదే. మరో చిక్కు, నీళ్లు పట్టి బరువు పెరగాలని ఫాస్ఫేట్ నీళ్లలో నానబెట్టడం. ఇలాంటి వలిచిన రొయ్య గాజులా మెరుస్తుంది, చేతికి సబ్బులా జారుతుంది, బాణలిలో వేయగానే నురుగుతో నీళ్లు వదిలి సగమవుతుంది.

పచ్చి రొయ్య ధరను వలిచిన రొయ్యతో పోల్చేటప్పుడు ఈ లెక్క పనికొస్తుంది. కిలో వనామిలో తల తీస్తే 650 గ్రాముల దాకా, పెంకు, నల్ల నరం కూడా తీస్తే 500 నుంచి 550 గ్రాములు మిగులుతుంది. తలతో ఉన్నది కిలో 400 రూపాయలనుకుంటే, వలిచింది కిలో 750కి అమ్మినా ధరలో తేడా లేనట్టే. చేపలకూ కోయక ముందే తూకం వేస్తారు. వంజరం, చందువలో పోయేది తక్కువ. పెద్ద తల ఉన్న పండుగప్ప లాంటి వాటిలో తల కూరకు వాడకపోతే నలభై శాతం దాకా పోతుంది. పండుగప్ప ఇప్పుడు చెరువుల్లోనూ పెరుగుతోంది. సముద్రంలో చేపలు పెంచే వల పంజరాన్ని దేశంలో మొదటిసారి ఈ చేపతోనే 2007లో విశాఖ తీరంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వేసింది.

మండపీత కొంటే ప్రాణంతో ఉన్నదే కొనాలి. ఎగుమతిదార్లు తీసుకునేది కండ నిండినది. కుబుసం విడిచి లోపల నీళ్లతో ఉన్నది ఊళ్లోకి వస్తుంది. పొట్ట వైపు డిప్ప అంచును, లేదా మొదటి కాలు మొదలును బొటనవేలితో నొక్కితే లోపలికి వంగకూడదు. ఒకే సైజు రెండు పీతల్లో బరువున్నదే తీసుకోవాలి. కట్టిన తడి తాడు కూడా తూకంలోకి వస్తుంది, కాబట్టి తాడు సన్నగా ఉన్నది చూసుకోవాలి.

ఎప్పుడు కొనాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మరబోట్లు, మోటారు తెప్పలు కదలవు, మోటారు లేని సంప్రదాయ తెప్పలకే మినహాయింపు. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జులై 31న ముగుస్తుంది. అంటే మే చివరిదాకా విశాఖలో కనిపించే పెద్ద సముద్రపు చేప పడమటి నుంచి లారీలో రెండు రోజులు ప్రయాణించి వచ్చినది కావచ్చు. జూన్ 1 నుంచి 14 దాకా రెండు తీరాల్లోనూ పెద్ద బోట్లు కట్టేసి ఉంటాయి. ఆ పద్నాలుగు రోజుల్లో వంజరాన్ని తాజాదని అమ్మితే అది కోల్డ్ స్టోరేజీ సరుకే అనుకోవాలి. ఆ కాలంలో తెలివైన కొనుగోలు చెరువు చేప: శీలావతి, బొచ్చె, ప్రాణంతో ఉన్న కొర్రమీను, లేదా తెప్పలు తెచ్చే చిన్న చేపలు.

నిషేధం ముగిశాక జూన్ చివరి వారం నుంచి ధరలు దిగుతాయి, సైజులు పెరుగుతాయి. ఏడాదిలో విశాఖవాళ్లు కడుపారా చేప తినాల్సిన రోజులివి. కార్తీక మాసంలో చాలా ఇళ్లు నీచు మానేస్తాయి, బోట్లు మాత్రం వెళ్తూనే ఉంటాయి. కాబట్టి తినేవాళ్లకు అప్పుడు మంచి సరుకు దక్కుతుంది. తుఫాను హెచ్చరిక ఉన్న రోజుల్లో, అది వెళ్లాక రెండు మూడు రోజులు మార్కెట్లో ఉన్నదంతా పాత నిల్వే. ఆదివారం ధర ఎక్కువ, కోయించుకోవడానికి వరుస పొడుగు, ఆ ఆలస్యంలో చేప వేడెక్కుతుంది. సోమవారం ఉదయం బల్ల మీద ఆదివారం మిగులు ఉండే అవకాశం ఉంది కాబట్టి బుధ, శుక్రవారాలు మేలు. ఎగుమతి మార్కెట్ తడబడ్డ కాలాలను కూడా గమనించాలి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు దగ్గర రొయ్య ధర పడిపోయింది. రైతుకు అది దెబ్బ. అలాంటి రోజుల్లో కంపెనీకి పోవాల్సిన 30, 40 కౌంటు సరుకు ఊళ్లోకి వస్తుంది. అప్పుడు ఇక్కడివాళ్లు నాలుగు కిలోలు ఎక్కువ కొంటే రైతుకూ ఆసరా.

ఇంటికి చేరేదాకా, చేరాక

మూత ఉన్న థర్మకోల్ పెట్టె, కిలో చేపకు కిలో ఐస్. వేడి దేశంలో ఈ నిష్పత్తికి తగ్గితే సరిపోదు. హార్బర్ గేటు దగ్గరే ఐస్ దొరుకుతుంది. అది తాగునీటితో చేసింది అనుకోకుండా వాడాలి, చేపను ఇంట్లో మళ్లీ కడగాలి. పెట్టె అడుగున ఐస్ వేసి, చేప పెట్టి, పైన మళ్లీ ఐస్ వేయాలి. కరిగిన నీళ్లలో చేప మునిగి ఉండకూడదు.

బాగుచేసేటప్పుడు ముందు పొలుసు, తర్వాత మొప్పలు, ఆ తర్వాత పేగులు తీయాలి. చాలామంది వదిలేసేది వెన్నుముల్లు కింద అతుక్కున్న నల్లటి నెత్తురు చార. దాన్ని చాకు మొనతో గీకి కడిగేస్తే చేప నీచు వాసన సగానికి తగ్గుతుంది. ముక్కలను రాళ్ల ఉప్పు, పసుపు వేసి ఒక్కసారి రుద్ది వెంటనే కడిగేయాలి. అరగంట నానబెడితే ఉప్పు కండలోని నీటిని లాగేసి ముక్క గట్టిపడుతుంది. ఆ రోజు వండకపోతే చిల్లుల గిన్నెలో ముక్కలు, పైన ఐస్, కింద నీళ్లు దిగడానికి మరో గిన్నె పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో ఉంచాలి. ఉత్తి ఫ్రిజ్‌లో 5 డిగ్రీల దగ్గర ఒక రోజులో చెడేంత చెడు, ఇలా ఐస్‌లో ఉంచితే రెండు రోజులు పడుతుంది.

ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది, అందుకే కండలో పెద్ద మంచు ముక్కలు ఏర్పడి కరిగేటప్పుడు రసమంతా కారిపోతుంది. దీన్ని తగ్గించాలంటే అరకిలో దాటకుండా, వేలు మందంలో పరిచి, సంచిలో గాలి లేకుండా మూసి, ఫ్రీజర్ గోడకు ఆనించి పెట్టాలి. కిలో ముద్దగా పెడితే మధ్యభాగం గడ్డకట్టేసరికి తెల్లారుతుంది. వంజరం, మాగ, పండుగప్ప మూడు నెలల దాకా బాగుంటాయి. కవళ్లు, కానాగంతల నూనె ఫ్రీజర్‌లో కూడా ముక్కిపోతుంది, నెల దాటనివ్వకూడదు. కరిగించడానికి ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి కింది అరలోకి మార్చాలి. మరిచిపోతే సంచి విప్పకుండా చన్నీళ్ల గిన్నెలో వేసి, అరగంటకోసారి నీళ్లు మార్చితే గంటలో సిద్ధం.